వీసా ఉన్నా కౌంటర్ దగ్గర ఆపేస్తారు: నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి విదేశాలకు బయల్దేరేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

మా పెద్దమ్మ, పెదనాన్నలది కావలి. కూతురి కాన్పుకి అమెరికా బయల్దేరారు. ఇద్దరికీ పదేళ్ల వీసా ఉంది, పాస్‌పోర్టులు కొత్తవి, నాలుగు పెట్టెల నిండా సున్నుండలు, పచ్చళ్లు, బాలింతకి కాయం. చెన్నై ఎయిర్‌పోర్ట్ దాకా కారులో నేనే తీసుకెళ్లాను. కౌంటర్‌లో అమ్మాయి పాస్‌పోర్టులు చూసింది, టికెట్లు చూసింది, స్క్రీన్ చూసింది, ఇంకో ఆయన్ని పిలిచింది. చివరికి చెప్పింది ఏమిటంటే, టికెట్లు రెండు వేరువేరుగా ఉన్నాయి, మధ్యలో యూరప్ ఊళ్లో సామాను తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాలి, అంటే ఆ దేశంలోకి అడుగు పెట్టాలి, దానికి షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా, ఏది అని. "ఏందబ్బా ఇది, అమెరికా వీసా ఉంది గదా" అని పెదనాన్న అడుగుతూనే ఉన్నాడు. ఆమె చెప్పింది తప్పు కాదు. అల్లుడు చౌకగా వస్తుందని రెండు ముక్కలుగా టికెట్ తీశాడు, ఆ విషయం మాలో ఎవరికీ తట్టలేదు. తెల్లవారుజామున వెనక్కి వస్తుంటే తడ దాటేదాకా కారులో ఎవరం మాట్లాడలేదు.

అప్పటి నుంచి మా బంధువుల్లో, మా వీధిలో ఎవరు బయల్దేరుతున్నా కాగితాలు ఒకసారి నేను చూస్తాను. అలా చూసి చూసి తెలిసిన విషయాలన్నీ ఒకచోట రాస్తున్నాను. వరుస ముఖ్యం, అందుకని టికెట్ కొనక ముందు చేయాల్సిన పనులతో మొదలుపెడతాను. మనవాళ్లలో చాలామంది టికెట్ కొనేశాక అడుగుతారు, అప్పటికి సగం తప్పులు జరిగిపోయి ఉంటాయి.

కౌంటర్‌లో వాళ్లు అసలు ఏం చూస్తారు

వీసా ఇచ్చేది ఆ దేశపు ఎంబసీ, దేశంలోకి రానిచ్చేది అక్కడి ఇమిగ్రేషన్, కానీ విమానం ఎక్కించాలా వద్దా అని ముందుగా చూసేది ఎయిర్‌లైన్ కౌంటర్. సరైన కాగితాలు లేని మనిషిని తీసుకెళ్తే అతన్ని వెనక్కి తెచ్చే బాధ్యత ఎయిర్‌లైన్ మీదే పడుతుంది, చాలా దేశాలు జరిమానా కూడా వేస్తాయి. అందుకే వాళ్లు అనుమానం ఉంటే ఎక్కించరు. బతిమాలితే కరిగేది కాదు ఇది.

వాళ్లు చూసే స్క్రీన్ పేరు టిమాటిక్. అంతర్జాతీయ విమానయాన సంస్థల సంఘం ఐఏటీఏ నడిపే సమాచార నిధి అది. మీ పౌరసత్వం, ఎక్కడి నుంచి ఎక్కడికి, మధ్యలో ఎక్కడ ఆగుతారు, తిరుగు టికెట్ ఉందా అని కొడితే ఏ కాగితాలు కావాలో చెబుతుంది. మామూలు ప్రయాణికులు కూడా ఐఏటీఏ ట్రావెల్ సెంటర్ వెబ్‌సైట్‌లో ఇదే సమాచారం చూసుకోవచ్చు, కొన్ని ఎయిర్‌లైన్ల సైట్లలోనూ ఉంటుంది. టికెట్ డబ్బులు కట్టే ముందు మీ రూట్ మొత్తం అక్కడ కొట్టి చూడండి. వెళ్లే దేశపు ఎంబసీ లేదా ప్రభుత్వ సైట్ కూడా తెరిచి సరిపోల్చుకోండి. ట్రావెల్ ఏజెంట్ "ఏం కాదు సార్" అన్నాడంటే అది రూల్ కాదు. పోయిన నెల మా మరదలు వెళ్లొచ్చింది అన్నది కూడా రూల్ కాదు, ఈ నిబంధనలు మారుతూనే ఉంటాయి.

మొదటి పని: పాస్‌పోర్ట్

గడువు తేదీ చూడండి. దుబాయ్, సింగపూర్, థాయ్‌లాండ్, మలేషియా, ఇండోనేషియా లాంటి దేశాలకు దిగే రోజు నుంచి ఇంకా 6 నెలలైనా గడువు ఉండాలి. షెంగెన్ దేశాలకైతే అక్కడి నుంచి బయటికి వచ్చే తేదీ తర్వాత 3 నెలలు ఉండాలి, పాస్‌పోర్ట్ ఇచ్చి పదేళ్లు దాటి ఉండకూడదు. ఏ దేశమైనా సరే 6 నెలలు లేకపోతే ముందు రెన్యువల్ చేయించుకోవడం మంచిది, గడువుకు ఏడాది ముందే రెన్యువల్‌కు అప్లై చేసుకోవచ్చు. అత్యవసరమైతే తత్కాల్ ఉంది, పెద్దవాళ్ల 36 పేజీల పాస్‌పోర్ట్‌కు మామూలు ఫీజు 1,500 రూపాయలు, తత్కాల్‌కు దాని మీద ఇంకో 2,000.

పిల్లల పాస్‌పోర్ట్ ఐదేళ్లకే అయిపోతుంది. తల్లిదండ్రులది పదేళ్లు కాబట్టి పిల్లలదీ ఉంటుందిలే అనుకుని ఆగిపోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి. తడిసి ఉబ్బినది, కుట్టు ఊడినది, ఫొటో పేజీ మీద పొర లేచినది ఉంటే దాన్ని కూడా మార్పించుకోండి. మీ కంటికి బాగానే ఉన్నా కౌంటర్ వాళ్లు డ్యామేజ్ అనొచ్చు.

అమెరికా వీసా పాత పాస్‌పోర్టులో ఉండి, ఈమధ్య కొత్త పాస్‌పోర్ట్ తీసుకున్నవాళ్లు రెండూ చేతిలో పెట్టుకోవాలి. వీసాకు గడువు ఉండి, ఆ పేజీ పాడవకుండా ఉంటే అది చెల్లుతుంది, కానీ పాతది బీరువాలో మర్చిపోతే మాత్రం ప్రయాణం లేదు.

రెండో పని: పేరు

మన దగ్గర ఇంటిపేరు గొడవ ప్రత్యేకమైనది. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు దాని గడిలో ఉంటుంది, కొందరికి మొత్తం పేరు ఒకే గడిలో ఉంటుంది, పాత తరం ఆడవాళ్లలో కొందరికి ఒకే మాట ఉంటుంది, రెండో గడి ఖాళీ. టికెట్ మీద పేరు పాస్‌పోర్ట్‌లో ఏ గడిలో ఎలా ఉందో అలాగే ఉండాలి. ఆధార్‌లో ఉన్నట్టు కాదు, పిలిచే పేరు కాదు. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే టికెట్ మీద ఏం రాయాలో ఒక్కో ఎయిర్‌లైన్‌ది ఒక్కో పద్ధతి, వాళ్లకు ఫోన్ చేసి అడిగి రాయించండి.

యూఏఈ విషయంలో ఇది ఇంకా గట్టిది. 2022 నవంబర్ 21 నుంచి పాస్‌పోర్టులో ఒకే మాట పేరు ఉన్నవాళ్లను విజిట్, టూరిస్ట్ వీసాల మీద అనుమతించడం లేదు. అమ్మని దుబాయ్ చూపిద్దామని అనుకుంటే ముందు ఆమె పాస్‌పోర్ట్ తెరిచి చూడండి. వీసాకు డబ్బు కట్టేలోపే పేరు సరిచేయించుకుంటే బాధ ఉండదు.

మూడో పని: వీసాని అక్షరం అక్షరం చదవడం

వీసా వచ్చిందని వాట్సాప్‌లో ఫొటో పెట్టే ముందు పాస్‌పోర్ట్ పక్కన పెట్టి చదవండి. పాస్‌పోర్ట్ నంబర్, పుట్టిన తేదీ, పేరు. ఈ-వీసాల్లో నంబర్ మనమే కొడతాం కాబట్టి ఒక అంకె మారడం చాలా మామూలు, కౌంటర్‌లో మాత్రం ఆ ఒక్క అంకెకే ఆపుతారు. తర్వాత ఎప్పటి నుంచి చెల్లుతుందో చూడండి, వీసా మొదలయ్యే తేదీకి ఒక రోజు ముందు దిగే టికెట్ తీసినవాళ్లు ఉన్నారు. షెంగెన్ వీసాలో గడువు తేదీలు వేరు, ఉండగలిగే రోజులు వేరు, ఎన్నిసార్లు ప్రవేశించవచ్చో వేరు, మూడు గడులూ చూడాలి. ఒక్క ఎంట్రీ వీసా మీద మధ్యలో షెంగెన్‌లో లేని లండన్ వెళ్లొస్తామంటే రెండోసారి లోపలికి రానివ్వరు. చీమకుర్తి నుంచి గ్రానైట్ పని మీద ఇటలీ, చైనా తిరిగేవాళ్లకు, రొయ్యల ఎగుమతి పని మీద ఒకే ట్రిప్పులో నాలుగు దేశాలు చుట్టేవాళ్లకు ఇది తప్పకుండా చూసుకోవాల్సిన విషయం.

చదువుకోవడానికి వెళ్లే పిల్లలకు రెండు మాటలు. అమెరికా ఎఫ్-1 మీద మొదటిసారి వెళ్లేవాళ్లు కోర్సు మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందు వరకే దిగగలరు, అంతకన్నా ముందు టికెట్ తీయకండి. సెలవులకు ఇంటికొచ్చి తిరిగి వెళ్లేవాళ్లు ఐ-20 (కాలేజీ ఇచ్చే అడ్మిషన్ పత్రం) మీద వాళ్ల ట్రావెల్ సంతకం ఏడాది దాటిపోలేదు కదా అని చూసుకోండి. బ్రిటన్‌లో ప్లాస్టిక్ రెసిడెన్స్ కార్డుల కాలం 2024 డిసెంబర్ 31తో అయిపోయింది, ఇప్పుడు ఈ-వీసానే. పాస్‌పోర్ట్ మార్చుకుంటే ఆ కొత్త నంబర్‌ని బ్రిటన్ వీసా శాఖ సైట్‌లోని మీ యూకేవీఐ ఖాతాలో కలపాలి, లేకపోతే కౌంటర్‌లో వాళ్ల సిస్టమ్‌కు మీ వీసా కనపడదు.

నాలుగో పని, అన్నిటికన్నా ముఖ్యం: మధ్యలో ఆగే చోటు

మా పెద్దమ్మ వాళ్లు చిక్కుకున్నది ఇక్కడే కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను.

ఒకే టికెట్, ఒకే పీఎన్‌ఆర్ మీద వెళ్తుంటే సామాను చివరి ఊరి దాకా వాళ్లే చేరుస్తారు, మీరు మధ్య ఎయిర్‌పోర్ట్‌లో లోపలే ఒక గేటు నుంచి ఇంకో గేటుకు నడిచి వెళ్తారు. దుబాయ్, అబుదాబి, దోహా మీదుగా ఇలా వెళ్తే వీసా అక్కర్లేదు. అదే రెండు టికెట్లు విడివిడిగా తీస్తే మొదటి ఎయిర్‌లైన్ పని మధ్య ఊరితో అయిపోయినట్టే, అక్కడ ఇమిగ్రేషన్ దాటి బయటికొచ్చి సామాను తీసుకోవాలి. ఆ దేశంలోకి ప్రవేశించే వీసా లేకపోతే చెన్నైలోనే ఆపుతారు. రెండు టికెట్ల మీద పాతిక ముప్ఫై వేలు మిగులుతాయని కనపడుతుంది, ఆ డబ్బు మీద ఆశ పెట్టుకోకండి. అమ్మానాన్నలకైతే అసలు వద్దు.

ఒకే టికెట్ అయినా యూరప్‌లో కొన్ని దేశాలు భారతీయులకు ఎయిర్‌పోర్ట్ ట్రాన్సిట్ వీసా అడుగుతాయి. అమెరికా, కెనడా లాంటి దేశాల వీసా ఉన్నవాళ్లకు సాధారణంగా మినహాయింపు ఉంటుంది, కానీ దేశాన్ని బట్టి మారుతుంది, అందుకే టిమాటిక్‌లో మధ్య ఊరిని కూడా కొట్టమన్నాను. షెంగెన్ లోపలే రెండు చోట్ల ఆగితే ఇంకో చిక్కు. ఉదాహరణకు ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి అక్కడి నుంచి మాడ్రిడ్, మాడ్రిడ్ నుంచి దక్షిణ అమెరికా అనుకోండి, ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే మీరు షెంగెన్‌లోకి ప్రవేశించినట్టు లెక్క, ట్రాన్సిట్ వీసా చాలదు, పూర్తి షెంగెన్ వీసా కావాలి.

లండన్ మీదుగా వెళ్తే, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ వీసాల్లో ఏదైనా చెల్లుబాటులో ఉంటే సాధారణంగా ట్రాన్సిట్ వీసా అడగరు. అలాంటిదేమీ లేకపోతే ఎయిర్‌పోర్ట్ దాటి బయటికి రాకపోయినా ట్రాన్సిట్ వీసా తీసుకోవాల్సిందే. కెనడా మీదుగా వెళ్లినా మనకు ట్రాన్సిట్ వీసా కావాలి. అమెరికాలో అయితే లోపలే ఉండి మారే ఏర్పాటే లేదు, న్యూయార్క్‌లో రెండు గంటలు ఆగి మెక్సికో వెళ్లాలన్నా ఇమిగ్రేషన్ దాటాలి, అమెరికా వీసా ఉండాలి.

ఒక ఊళ్లో రెండు ఎయిర్‌పోర్టులు ఉంటాయి, అది కూడా చూడండి. లండన్‌లో హీత్రూలో దిగి గాట్విక్‌లో ఎక్కాలన్నా, ఇస్తాంబుల్‌లో పెద్ద ఎయిర్‌పోర్ట్‌లో దిగి సబిహా గోక్చెన్‌లో ఎక్కాలన్నా ఊళ్లోకి వచ్చి వెళ్లాలి.

గల్ఫ్‌కు పనికి వెళ్లేవాళ్లకు

ఉదయగిరి, ఆత్మకూరు, పామూరు, కనిగిరి వైపు నుంచి కువైట్‌కు, మిగతా గల్ఫ్ దేశాలకు తరాలుగా వెళ్తున్నారు. వీళ్లను కౌంటర్‌లో కన్నా మన ఇమిగ్రేషన్‌లోనే ఎక్కువ ఆపుతారు. కారణం ఈసీఆర్. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టులో ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్ అని అచ్చు వేసి ఉంటుంది. అలాంటి పాస్‌పోర్ట్‌తో కువైట్, సౌదీ, యూఏఈ, ఖతార్, ఒమన్, బహ్రెయిన్, మలేషియా వంటి 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే కేంద్ర ప్రభుత్వ సైట్ ఈ-మైగ్రేట్ ద్వారా ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద వచ్చిన ఏర్పాటు ఇది. దాంతోపాటే ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ ఉంటుంది, రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియం, ప్రమాదంలో చనిపోయినా శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షల బీమా. ఇంత తక్కువకు ఇంత భరోసా ఇంకెక్కడా రాదు, దీన్ని తప్పించుకోవాలని చూడకండి.

"విజిట్ మీద పో, అక్కడ మార్పిస్తా" అనే ఏజెంట్ మాట వినకండి. ఇమిగ్రేషన్‌లో నాలుగు ప్రశ్నలు అడిగితే విషయం బయటపడుతుంది, అక్కడి నుంచే వెనక్కి పంపుతారు. ఒకవేళ దాటి వెళ్లినా అక్కడ జీతం ఎగ్గొడితే అడగడానికి మీ దగ్గర కాగితం ఉండదు, అది నాకు ఇంకా భయం. ఏజెంట్‌కు లైసెన్స్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ సైట్‌లో కనపడుతుంది, డబ్బు ఇచ్చే ముందు పేరు కొట్టి చూడండి. ఈసీఆర్ పాస్‌పోర్ట్‌తో ఈ దేశాలకు ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండి ఉండాలి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓమ్‌క్యాప్ కూడా విదేశీ ఉద్యోగాలకు పంపుతుంది, అక్కడ అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

కువైట్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్లు 6 నెలలు (ఇంటిపని వీసా వాళ్లయితే 4 నెలలు) దాటి ఇక్కడే ఉండిపోతే అకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్, రద్దయిపోతుంది. పెళ్లనో, ఇల్లు కడుతున్నామనో రోజులు జరిగిపోతాయి. వచ్చిన తేదీ గోడ క్యాలెండర్ మీద రాసిపెట్టండి.

విజిట్ మీద నిజంగా చుట్టపుచూపుగా వెళ్లేవాళ్లు తిరుగు టికెట్, ఉండే చోటు అడ్రస్ లేదా హోటల్ బుకింగ్, ఖర్చుకు డబ్బు చూపించగలగాలి. డమ్మీ టికెట్ ఇస్తామని తిరిగేవాళ్లు ఉంటారు, కౌంటర్‌లో పీఎన్‌ఆర్ కొడితే అది ఉందో లేదో క్షణంలో తెలిసిపోతుంది. కొన్ని ఎయిర్‌లైన్లు గల్ఫ్ వీసాలకు "ఓకే టు బోర్డ్" అనే ముందస్తు నమోదు అడుగుతాయి, టికెట్ కొన్నచోటే ఇది అవసరమా అని అడిగి, చేయించారని రాతలో తీసుకోండి.

చివరి వారం

సింగపూర్, థాయ్‌లాండ్, మలేషియా దేశాలకు ఆన్‌లైన్ అరైవల్ కార్డు నింపాలి, దిగే రోజుకు ముందు 3 రోజుల లోపు. థాయ్‌లాండ్‌లో ఇది 2025 మే 1 నుంచి వచ్చింది. మూడూ ఉచితం, డబ్బు అడిగిందంటే అది ప్రభుత్వ సైట్ కాదు. ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లో ఎల్లో ఫీవర్ ఉన్న దేశాలకు వెళ్లొచ్చేవాళ్లు కనీసం 10 రోజుల ముందు టీకా వేయించుకుని పసుపు కార్డు పెట్టుకోవాలి, లేకపోతే తిరిగొచ్చాక ఇక్కడే 6 రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టొచ్చు. నేపాల్‌లోని పశుపతినాథ్, ముక్తినాథ్ యాత్రకు విమానంలో వెళ్లే పెద్దవాళ్లు పాస్‌పోర్ట్ గానీ ఓటరు కార్డు గానీ తీసుకెళ్లాలి, 15 ఏళ్ల లోపు పిల్లలకు, 65 దాటినవాళ్లకు తప్ప ఆధార్ చెల్లదు.

అన్నీ కాగితం మీద ప్రింట్ తీయండి, రెండు సెట్లు. ఫోన్‌లో ఉంది కదా అంటే కౌంటర్ దగ్గర చార్జింగ్ అయిపోయిందనో నెట్ రాలేదనో టెన్షన్ పడతారు. ఒక సెట్ చేతి సంచిలో, పెట్టెలో కాదు.

చెన్నైకి బయల్దేరే రోజు

ముందు తేదీ గురించి. విదేశీ విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక ఉంటాయి. టికెట్ మీద 12వ తేదీ 1:30 అని ఉంటే 11వ తేదీ రాత్రి పది, పదిన్నరకే ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి. 12వ తేదీ సాయంత్రం బట్టలు సర్దుకుంటూ కూర్చుంటే విమానం ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు, కానీ ఎయిర్‌పోర్ట్ ఊరికి అవతలి వైపు మీనంబాక్కంలో ఉంది, గుమ్మిడిపూండి దాటాక రెడ్‌హిల్స్ దగ్గర ట్రాఫిక్ ఎప్పుడు ఎలా ఉంటుందో చెప్పలేం. పై ఉదాహరణకు నెల్లూరులో సాయంత్రం ఐదుకే బయల్దేరాలి, ఒంగోలు వాళ్లు మధ్యాహ్నం రెండింటికే. రైలులో వస్తే సెంట్రల్‌లో దిగి మెట్రోలో ఎయిర్‌పోర్ట్ దాకా వెళ్లొచ్చు, రాత్రి పొద్దుపోయాక మాత్రం మెట్రో ఉండదు. విదేశీ విమానాలకు టెర్మినల్ 2. కౌంటర్ సాధారణంగా విమానానికి గంట ముందు మూసేస్తారు, మూసేశాక ఎంత సరైన కాగితాలున్నా లాభం లేదు. ముందు వెళ్తే ఇంకో లాభం ఉంది, ఏదైనా తేడా వస్తే సరిచేయించుకోవడానికి రెండు గంటలు చేతిలో ఉంటాయి.

ఆపేస్తే ఏం చేయాలి

గొంతు పెంచకండి, పక్కకు తప్పుకుని ఏడవకండి, క్యూ ముందే నిలబడి ఏ నిబంధన ప్రకారం ఆపుతున్నారో చెప్పమనండి, టిమాటిక్‌లో ఆ వాక్యం చదివి వినిపించమని అడగండి. చాలాసార్లు మినహాయింపు కింద వరసలో ఉంటుంది, కొత్తగా చేరిన పిల్లలు పై వరస చూసి ఆగిపోతారు. మీ దగ్గర అమెరికా వీసా గానీ, ఆ దేశపు రెసిడెన్స్ గానీ ఉంటే ముందే బయటికి తీసి చూపించండి. తేలకపోతే డ్యూటీ మేనేజర్‌ని పిలవమనండి, వాళ్లకు పత్రాలు పరిశీలించే పై ఆఫీసు ఉంటుంది, అక్కడికి అడిగించమనండి. పెద్దవాళ్లను దింపి వెంటనే ఇంటికి తిరిగిపోకండి, బోర్డింగ్ పాస్ చేతికొచ్చి ఇమిగ్రేషన్ దాటామని ఫోన్ వచ్చేదాకా బయటే ఉండండి.

నిజంగానే కాగితం లేదని తేలితే, విమానం వెళ్లకముందే టికెట్ రద్దు చేయించండి లేదా తేదీ మార్పించండి. చేయకపోతే నో-షో (ప్రయాణికుడు రాలేదు) అని పడుతుంది, అలా పడితే మిగతా ప్రయాణం, తిరుగు టికెట్‌తో సహా రద్దయ్యే అవకాశం ఉంది. ఎందుకు ఎక్కించలేదో రాతపూర్వకంగా అడగండి, లేదంటే ఈమెయిల్ అయినా పంపమనండి. సామాను అప్పటికే లోపలికి వెళ్లి ఉంటే దాన్ని దించి ఇచ్చేదాకా కదలకండి.

పరిహారం విషయంలో తేడా తెలుసుకోవాలి. ఖరారైన టికెట్‌తో టైమ్‌కు వచ్చినా సీట్లకన్నా ఎక్కువ టికెట్లు అమ్మి మిమ్మల్ని ఎక్కించకపోతే మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం డబ్బు రావాలి. గంటలోపు బయల్దేరే ఇంకో విమానం ఇస్తే ఏమీ రాదు, 24 గంటల్లోపు ఇస్తే ఒకవైపు బేసిక్ ఛార్జీ, ఇంధన రుసుము కలిపి దానికి రెండు రెట్లు, 10,000 రూపాయలు మించకుండా. 24 గంటలు దాటితే నాలుగు రెట్లు, 20,000 మించకుండా. కాగితాలు సరిగా లేక ఆపితే ఇది రాదు. అప్పుడు కూడా ప్రయాణం చేయని టికెట్ మీద పన్నులు, యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు లాంటివి వెనక్కి ఇవ్వాల్సిందే, మనం అడగం కాబట్టి అవి అలాగే ఉండిపోతాయి.

మీ కాగితాలన్నీ సరిగ్గా ఉండి వాళ్లే తప్పు చదివి ఆపారంటే వదలొద్దు. ముందు ఎయిర్‌లైన్‌కు రాయండి, జవాబు రాకపోతే విమాన ప్రయాణికుల ఫిర్యాదులకున్న ప్రభుత్వ సైట్ ఎయిర్‌సేవాలో ఫిర్యాదు పెట్టండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక ఎయిర్‌లైన్ ఆఫీసు ఎక్కడున్నా మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, అంటే చెన్నై, ఢిల్లీ తిరగక్కర్లేదు, నెల్లూరులోనో ఒంగోలులోనో వేయొచ్చు. దానికి టికెట్, వీసా, పాస్‌పోర్ట్ నకళ్లు, వాళ్లు రాసిచ్చిన కారణం, ఆ రోజు మీరు టిమాటిక్‌లో చూసిన పేజీ స్క్రీన్‌షాట్ తేదీతో సహా, మళ్లీ కొన్న టికెట్ రసీదు, కారు బాడుగ రసీదు అన్నీ జతచేయండి.